నాంచారమ్మ తెచ్చిన ఖాళీ షీట్లు

గిలకలదిండి రోడ్డు మీద షేరు ఆటోలు ఆగే చోట ఖాసిం మందుల షాపు ఉంది. బోర్డు మీద షిఫా మెడికల్స్ అని రాసి ఉంటుంది గానీ, ఆ పేరుతో అడిగితే బందరులో ఎవరూ దారి చెప్పలేరు. ఖాళీ షీట్ల కొట్టు ఎక్కడ అని అడగాలి. అప్పుడు ఆటోవాళ్లు నవ్వుతూ చూపిస్తారు, "షీటు తెచ్చుకున్నారా, లేకపోతే ఆయన దగ్గర అక్షింతలు తప్పవు" అని ముందే హెచ్చరిస్తారు కూడా.

ఆ పేరు ఊరికే రాలేదు. బీపీకో, షుగరుకో, గుండెకో నెలనెలా మందులు వాడేవాళ్లు షాపుకు వస్తే ఖాసిం ముందు చెయ్యి చాపుతాడు. పోయిన నెల తీసుకెళ్లిన మాత్రల షీటు ఖాళీది తెచ్చి ఆ చేతిలో పెట్టాలి. అందులో ఒక్క మాత్ర మిగిలి ఉన్నా అతని కళ్లు పట్టేస్తాయి. "ఇదెందుకు మిగిలింది? ఆ రోజు అన్నం తినలేదా? తిన్నావు కదా, మరి మాత్ర ఏం పాపం చేసింది?" అని నలుగురి ముందూ కడిగేస్తాడు. షీటు తేకపోతే మందులివ్వడని కాదు. ఇస్తాడు. కానీ ఇచ్చేలోపు అతను అనే మాటలు వింటే లేని బీపీ కూడా వస్తుంది.

ఈ చాదస్తానికి ఒక కారణం ఉంది. ఖాసిం తండ్రి పెడనలో అద్దకం పని చేసేవాడు. చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద పువ్వులు కొట్టడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. బీపీ ఉందని డాక్టరు మాత్రలు రాస్తే మూడు నెలలు వాడి, బాగానే ఉన్నానుగా అనుకుని, ఎవరికీ చెప్పకుండా మానేశాడు. ఒకరోజు పని చేస్తూ చేస్తూ ఉండగా చేతిలో అచ్చు జారిపోయింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆ తర్వాత ఆరేళ్లు మంచంలోనే గడిపి పోయాడు. అప్పటికి ఖాసిం డీ ఫార్మసీ రెండో ఏడు చదువుతున్నాడు. మందుల చదువు చదివే కొడుకు ఇంట్లో ఉండి కూడా తండ్రి మందులు మానేసిన సంగతి కనిపెట్టలేకపోయాడు. ఆ బాధ అతన్ని ఎన్నడూ వదల్లేదు. షాపు తెరిచిన రోజు నుంచీ ఖాళీ షీట్లు అడగడం మొదలుపెట్టాడు. మనిషి అబద్ధం చెప్పొచ్చు గానీ షీటు చెప్పదని అతని నమ్మకం.

ఆ నమ్మకం వమ్ము కాలేదు కూడా. అతని తిట్లకు భయపడి మాత్రలు సరిగ్గా వేసుకుని, పక్షవాతం రాకుండా, కళ్లు పోకుండా బతికి బట్టకట్టినవాళ్లు ఆ రోడ్డు మీద చాలామందే ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ల పాటు అతని పద్ధతి అతన్ని తలెత్తుకునేలా చేసింది. మనిషి మంచివాడైతే అతని పొరపాట్లు కూడా మంచితనంలోంచే వస్తాయి, అందుకే అవి అతనికి కనపడవు.

నాంచారమ్మ ఆ షాపు మెట్టు మొదటిసారి ఎక్కి నాలుగేళ్లయింది. ఎక్కిందంటే ఒక్క మెట్టే. లోపలికి ఎన్నడూ రాలేదు. అరవైకి దగ్గర పడిన మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు నూకరాజు మరబోటు మీద వేటకెళ్తాడు, వెళ్తే వారం పది రోజుల దాకా రాడు. ఆమె తెల్లవారకముందే హార్బరుకు వెళ్లి, వేలంపాటలో చేపలు పాడుకుని, బుట్టకెత్తుకుని ఆటో ఎక్కేది. పెడన దాటి, గుడ్లవల్లేరు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి అమ్ముకుని, తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయ్యేది.

"లోపలికి రా అక్కా, ఎండలో ఎందుకు" అని ఖాసిం పిలిస్తే, "వద్దులే తమ్ముడూ, నీ మందుల కంపు నా చేపలకి పట్టుద్ది" అనేది. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. ఖాసిం కూడా నవ్వి, కౌంటరు దిగి మెట్టు దగ్గరకే వచ్చి మందులిచ్చేవాడు. అక్కా, తమ్ముడూ అనే పిలుపులు వాళ్లిద్దరి మధ్య మొదటి నెలలోనే కుదిరిపోయాయి. రంజాన్ పండుగకి ఖాసిం భార్య జమీలా సేమ్యా పంపితే, తిన్న గిన్నె తోమి అందులో కొరమీను ముక్కలు పెట్టి తిరిగి పంపే మనిషి నాంచారమ్మ.

ఆమెకు గుండె బలహీనపడింది. సరిగ్గా కొట్టుకోలేక ఒంట్లో నీరు నిలబడిపోయేది, కాళ్లు వాచేవి, రాత్రిపూట ఆయాసం వచ్చేది. డాక్టరు నాలుగు రకాల మాత్రలు రాశాడు. అందులో ముఖ్యమైనది ఒంట్లో నీరు తీసే మాత్ర, పొద్దున్నే వేసుకోవాల్సింది. ఆమెకు చదువు రాదు. ఖాసిం కత్తెర తీసుకుని పొద్దుటి మాత్రల షీటు మూల ఒక గాటు, రాత్రి మాత్రల షీటుకు రెండు గాట్లు పెట్టి ఇచ్చాడు. "ఇవన్నీ ఒక ఎత్తు, ఈ నీటి మాత్ర ఒక ఎత్తు అక్కా. ఇది మానితే నీ ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది. ఇక నేను కూడా ఏం చెయ్యలేను" అని ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆమె తలూపింది.

నెల తిరిగేసరికి తెచ్చిన ఖాళీ షీట్లు చూసి ఖాసిం మురిసిపోయాడు. ఒక్క గదిలోనూ ఒక్క మాత్ర లేదు. మళ్లీ నెల కూడా అంతే. ఆ మళ్లీ నెలా అంతే. ఆమె షీట్లకు రబ్బరు బ్యాండు వేసి, సొరుగులో విడిగా పెట్టాడు. మాత్రలు మిగిల్చుకొచ్చిన వాళ్లకు ఆ కట్ట తీసి చూపించేవాడు. "చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, ఎందుకండీ? ఆవిడ నెత్తిన బుట్ట పెట్టుకుని ఊళ్లు తిరుగుతూ కూడా ఒక్క పూట మానలేదు, ఆవిణ్ని చూసి నేర్చుకోండి" అనేవాడు. మెట్టు మీద నిలబడి ఆ పొగడ్త వినాల్సి వచ్చినప్పుడు నాంచారమ్మ తల వంచుకునేది. సిగ్గుపడుతోందనుకున్నాడు.

ఒక సంగతి మాత్రం అతనికి అర్థమయ్యేది కాదు. బుట్టతో వచ్చిన పొద్దున ఆమె పెదాలు ఎండిపోయి కనిపిస్తే, జమీలా చేత కుండలో నీళ్లు తెప్పించి ఇచ్చేవాడు. ఆమె గ్లాసు ముట్టుకునేది కాదు. "ఇప్పుడొద్దు తమ్ముడూ" అనేది. ఒకటి రెండుసార్లు ఖాసిం మనసు చివుక్కుమంది. పండక్కి సేమ్యా తిన్న మనిషి మంచినీళ్లకెందుకు పట్టింపు అనుకున్నాడు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. తర్వాత నీళ్లివ్వడమే మానేశాడు.

రెండో ఏడాది ఒకరోజు పొద్దున షాపు కిటకిటలాడుతోంది. నాంచారమ్మ మెట్టు మీద నిలబడి, అటూ ఇటూ చూసి, "తమ్ముడూ, ఈ నీళ్ల మాత్ర పొద్దున కాకండా ఇంకెప్పుడన్నా ఏసుకోకూడదా?" అని అడిగింది.

ఖాసిం చేతిలో పని ఆపలేదు. "పొద్దున అంటే పొద్దునే అక్కా. నీ వీలు చూసుకుని గుండె కొట్టుకుంటుందా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ మాట బాగా పేలిందని అతనికీ అనిపించింది. ఆమె కూడా నవ్వింది. "అదీ నిజమేలే" అని మాత్రలు కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఏటా ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు మరబోట్లకు వేట నిషేధం. హార్బరులో బోట్లు కదలవు, నాంచారమ్మ బుట్ట కూడా కదలదు. ఆ రెండు నెలల్లో ఆమె కాళ్ల వాపు దిగి, ముఖం తేటపడి, నడకలో హుషారు వచ్చేది. వేట మొదలైన నెల తిరక్కుండానే మళ్లీ కాళ్లు వాచేవి. వానాకాలంలో ఎండుచేపలు నంజుకుంటోంది, ఉప్పు ఎక్కువవుతోందని ఖాసిం తీర్మానించేశాడు. ఎండుచేపలు మానమని గట్టిగా కోప్పడ్డాడు. ఆమె మానేసింది కూడా. వాపు మాత్రం పోలేదు.

పోయిన ఆగస్టులో డాక్టరు నుంచి ఖాసింకు ఫోను వచ్చింది. "ఏమయ్యా, ఈవిడ కాళ్లు ఇంతలా వాచాయి. మందులు వేసుకుంటోందా లేదా? అడిగితే మా తమ్ముణ్ని అడగండి అంటోంది."

"ఆవిడ మీద మాత్రం అనుమానం పెట్టుకోకండి సార్" అన్నాడు ఖాసిం. "ఒక్క మాత్ర కూడా మానదు. ఖాళీ షీట్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. కావాలంటే పంపిస్తాను."

అతని మాట మీద డాక్టరుకు గురి. మాత్రలు వేసుకుంటున్నా వాపు తగ్గలేదంటే మోతాదు చాలడం లేదనుకుని రెండింతలు చేశాడు. ఇంకో కొత్త మాత్ర కూడా రాశాడు. ఖాసిం అవన్నీ గాట్లు పెట్టి ఇచ్చాడు. నాంచారమ్మ నెలకు రెట్టింపు ఖాళీ షీట్లు తెచ్చింది.

కార్తీకమాసం మొదట్లో ఒకరోజు పొద్దున ఆమె బుట్ట ఎత్తుకోలేక హార్బరులోనే కూలబడిపోయింది. నూకరాజు వేటలో ఉన్నాడు. కోడలు తిరుపతమ్మ కబురు పెడితే ఖాసిం షాపు జమీలాకు వదిలి, ఆటోలో తనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఊపిరితిత్తుల నిండా నీరుందన్నారు. నీరు తీసే మందే ఇంజెక్షనుగా ఇచ్చారు. ఒక్క రోజులో కాళ్ల వాపు సగం దిగింది. "మందు బాగానే పనిచేస్తోందండీ" అంది నర్సు. ఇదే మందు ఇన్నాళ్లూ నోటితో వేసుకుంటే ఎందుకు పనిచెయ్యలేదన్న ప్రశ్న ఖాసింకు రావాలి. రాలేదు. అక్క బతుకుతుందన్న ఆశలో అతనికి ఇంకేం తోచలేదు.

రెండో రోజు ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆయాసంలో మాట తెగి తెగి వచ్చింది. "ఈ నెల షీట్లు... ఇంట్లో ఉండిపోయినయ్ తమ్ముడూ. తిరుపతమ్మ తెచ్చిత్తది."

"ఇప్పుడు షీట్ల గొడవ ఎందుకక్కా, ముందు నువ్వు లే" అన్నాడు ఖాసిం. మూడో రోజు తెల్లవారేసరికి పోయింది. అలిసిపోయిన గుండె ఇక లేవలేదు.

నూకరాజు వచ్చాక, వాళ్లింటి ముందు పందిట్లో కూర్చుని ఖాసిం అన్న మాట ఇది: "మీ అమ్మ తన వంతు అంతా చేసింది నాయనా. ఒక్క పూట కూడా మందు మానలేదు. ఇక మన చేతుల్లో ఏముంది?" ఆ మాటకు నూకరాజు కాస్త ఊరట పొందాడు. చెప్పిన ఖాసిం కూడా పొందాడు. గడప దగ్గర నిలబడిన తిరుపతమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం, షాపు కట్టేసిన వేళ, తిరుపతమ్మ ఖాసిం ఇంటికి వచ్చింది. ఇల్లు షాపు వెనకే. ఖాసిం అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర జమీలా పక్కన కూర్చుని, కొంగు చాటు నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి కింద పెట్టింది. జమీలా మూత తీసింది. డబ్బాలో సగానికి పైగా చిన్న చిన్న తెల్ల మాత్రలు.

"ఇన్ని మాత్రలేంటమ్మా?" అంది జమీలా.

"నీళ్ల మాత్రలండి. మా అత్తమ్మయి" అంది తిరుపతమ్మ. ఖాసిం వైపు చూడకుండా, జమీలాతోనే చెప్పింది. "అది ఏసుకుంటే గంటకోసారి ఎళ్లాలండి. బుట్ట నెత్తినెట్టుకుని ఊళ్లో తిరిగే ఆడది ఎక్కడికెళ్తదండి? చేపలైతే గేటు కాడ నిలబెట్టి కొంటారు గానీ, బాత్రూముకి రానిత్తారా? ఎనకట గట్ల చాటు ఉండేది, ఇప్పుడు రోడ్డు పొడుగూతా ఇళ్లే కదండీ. మొదట్లో ఒకసారి ఏసుకుని ఎళ్తే ఆటోలోనే చీర తడిసిపోయిందంట. పక్కనోళ్లు నవ్వారంట. ఇంటికొచ్చి చానాసేపు ఏడ్చింది. అప్పట్నించి మంచినీళ్లు కూడా తాగేది కాదండి, మళ్లా ఇంటికొచ్చేదాకా. ఏట ఆగినప్పుడు ఇంటికాడుంటది కదా, ఆ రెండు నెల్లే ఏసుకునేది."

ఖాసిం చేతిలో ముద్ద పళ్లెంలోకి జారింది.

"మరి ఆయనతో ఒక్క మాట చెప్పకపోయారా తల్లీ?" అంది జమీలా.

"నేనూ అన్నానండి. తమ్ముడితో చెప్పుకునే మాటా అది అని నన్నే కసిరింది. మాత్ర మిగిలితే బాధపడతాడని, రోజూ పొద్దున్నే షీటులోంచి తీసి ఈ డబ్బాలో ఏసేది. ఒక్క రోజు కూడా మర్చిపోలేదండి. పారెయ్యమంటే, పాపం ఎవరికన్నా పనికొత్తయ్యేమోలే అనేది." తిరుపతమ్మ కళ్లు తుడుచుకుంది. "వేరే పూట ఏసుకోవచ్చేమోనని ఒకసారి అడిగిందంటండి. కుదరదన్నారంట."

ఖాసిం లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడిగిన చేతినే మళ్లీ మళ్లీ కడిగాడు.

కుదరదని ఏ పుస్తకంలోనూ లేదు. ఆ సంగతి అతనికి కాక ఇంకెవరికి తెలుసు? రాత్రి నిద్ర పాడవుతుందనే ఆ మాత్ర పొద్దున రాస్తారు తప్ప, మధ్యాహ్నం వేసుకున్నా అదే పని చేస్తుంది. రెండింటికి ఇల్లు చేరే మనిషికి, మూడింటికి వేసుకో అక్కా అంటే సరిపోయేది. డాక్టరుకు ఒక్క ఫోను చేస్తే సరేననేవాడు. ఎందుకు అడుగుతున్నావక్కా అని అతను ఒక్క మాట అడిగి ఉంటే, బహుశా అప్పుడూ చెప్పేది కాదేమో. కానీ పొద్దున కుదరడం లేదని మాత్రం తెలిసేది. అది చాలు. అతను అడగలేదు. నవ్వించాడు.

నీళ్ల గ్లాసు గుర్తొచ్చింది. వేసవిలో తేటపడిన ఆమె ముఖం గుర్తొచ్చింది. డాక్టరుతో ఎంత ధీమాగా మాట్లాడాడో గుర్తొచ్చింది. తండ్రి అబద్ధం చెప్పకుండా మానేశాడు, ఈమె అబద్ధం చెప్పి మానేసింది. ఆ అబద్ధం తన కోసమే చెప్పిందన్నది ఖాసిం దిగమింగుకోలేకపోయాడు. అక్క అని పిలిచి, అందరి ముందూ మెచ్చుకుని, ఆమె నోరు తనే కట్టేశాడు. ఆ మధ్యాహ్నం అతను గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. యాభై నాలుగేళ్ల మనిషి, తండ్రి పోయినప్పుడు కూడా జమీలా అతన్ని అలా చూడలేదు.

సాయంత్రం షాపు తీశాక సొరుగులోంచి నాంచారమ్మ షీట్ల కట్ట బయటకు తీశాడు. పొద్దుటి గాటు ఉన్న షీట్లు, గదులన్నీ శుభ్రంగా ఖాళీ. ఆ కట్ట డబ్బాలో మాత్రల మీద పెట్టి మూత వేశాడు. ఆ మాత్రలు ఇంకొకరికి ఇవ్వడానికి పనికిరావు, పారెయ్యడానికి చెయ్యి రాదు. డబ్బా కౌంటరు కింద ఉండిపోయింది.

ఆ తర్వాత ఖాసిం ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. పొద్దుటి పూట జమీలా వచ్చి షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది. షాపుకూ ఇంటికీ మధ్య ఉన్న చిన్న గదిలో రెండు కుర్చీలు వేశారు. ఆడవాళ్లెవరైనా మాట్లాడాలనుకుంటే జమీలా అక్కడికి తీసుకెళ్తుంది. ఖాళీ షీట్ల కొట్టు అనే పేరు మాత్రం పోలేదు, అంత తొందరగా పోదు కూడా.

పది రోజుల తర్వాత, పెడన వైపు రొయ్యలమ్ముకునే ఒకామె అలవాటు కొద్దీ ఖాళీ షీటు చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమెకూ అదే మాత్ర. ఖాసిం షీటు తీసుకోలేదు. గొంతు తగ్గించి, "పొద్దున్నే వేసుకోవడం కుదురుతోందా అమ్మా?" అని అడిగాడు. ఆమె ఉలిక్కిపడి జమీలా వైపు చూసింది. జమీలా ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్లింది. కాసేపటికి ఇద్దరూ బయటకు వచ్చారు. జమీలా భర్త వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఖాసిం డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, కొత్త షీటు తీసి, అలవాటుగా కత్తెర పట్టుకుని కూడా మూల గాటు పెట్టకుండానే ఆమెకిచ్చాడు. "మధ్యాహ్నం ఇంటికొచ్చాక వేసుకో అమ్మా. అలాగే పనిచేస్తుంది."

ఆమె ముఖం విప్పారింది. "మజ్జాన్నం ఏసుకోవచ్చాండీ?" అని మళ్లీ అడిగింది. షీటు కొంగున ముడేసుకుంటూ, దెప్పాలని కాదు, ఉత్తినే తోచి అంది. "అట్టయితే నాంచారమ్మొదిన కూడా ఏసుకునేది కదండీ."

ఖాసిం చేతిలోని కత్తెర కింద పెట్టాడు.

"వేసుకునేదమ్మా" అన్నాడు. "నేను అడగలేదు."